ప్లైవుడ్‌తో కాపలా గది: పునాది గుంట నుంచి చూరు దాకా సమగ్ర మార్గదర్శి

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో రొయ్యల గుంటల దగ్గర కాపలా ఉండడానికి, చేలో మోటారు సామాను పెట్టుకోవడానికి, ఇల్లు కట్టే స్థలంలో సిమెంటు దాచుకోవడానికి చిన్న గది కావాల్సిందే. తాటాకు పాక తరచూ కప్పించాలి, కప్పేవాళ్లు దొరకడం కష్టం. ఇటుక గదికి ఖర్చు ఎక్కువ. కౌలు నేల అయితే వెళ్లేటప్పుడు వదిలేసి పోవాలి. ప్లైవుడ్ గదిని ఎప్పుడు కావాలంటే అప్పుడు విప్పి వేరేచోట కట్టుకోవచ్చు. అందుకే ఎలా కట్టాలని చాలామంది అడుగుతున్నారు. "మావాళ్లు కట్టారు, రెండు వానలకే ఉబ్బిపోయింది" అనేవాళ్లూ తక్కువేం కాదు.

ప్లైవుడ్ గది పాడవడానికి కారణాలు మూడు. నేల తడి కింది నుంచి ఎక్కుతుంది. షీటు అంచులు నీళ్లు పీలుస్తాయి. గాలి కప్పును పైకి లాగుతుంది. ఈ మూడింటినీ కట్టేటప్పుడే ఆపాలి, తర్వాత ఎన్ని పూతలు పూసినా లాభం లేదు. కింద చెప్పే ప్రతి పనీ ఈ మూడింటిలో ఏదో ఒకదాని కోసమే. ఖర్చు తగ్గించుకోవాలని ఏదైనా మెట్టు వదిలేద్దామనిపిస్తే, అది ఈ మూడింటిలో దేన్ని ఆపుతుందో ముందు చూసుకోండి.

## 1. కొలత: షీటును బట్టి గది

ప్లైవుడ్ షీటు 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ఉంటుంది. గదిని 8 అడుగుల చదరంగా పెట్టుకుంటే ఒక్కో గోడకు రెండు షీట్లు, నేలకు రెండు షీట్లు సరిపోతాయి. 9 అడుగులో 10 అడుగులో అనుకుంటే కోత పెరుగుతుంది, ముక్కలు వృథా అవుతాయి, అతుకులు ఎక్కువై నీళ్లు దిగే చోట్లూ ఎక్కువవుతాయి.

ఈ కొలతల్లో ఒక మంచం, ఒక చిన్న బల్ల, మేత బస్తాలు నాలుగైదు పడతాయి.

- ముందు గోడ ఎత్తు: 8 అడుగులు
- వెనక గోడ ఎత్తు: 6 అడుగుల 8 అంగుళాలు
- వాలు: 8 అడుగుల్లో 16 అంగుళాలు, అంటే ఆరడుగులకు ఒక అడుగు
- కప్పు: 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు
- నేల మట్టం నుంచి గది నేల ఎత్తు: కనీసం రెండడుగులు

ప్లైవుడ్ షీట్లు ఇంటికి వచ్చాకే చట్రాలు కోయించండి. షీటు మీద 8×4 అని రాసి ఉన్నా రెండు మూడు మిల్లీమీటర్ల తేడా ఉంటుంది. ముందే చట్రం చేసి పెట్టుకుంటే తర్వాత పది షీట్లనీ దానికి సరిపోయేలా చెక్కాల్సి వస్తుంది.

## 2. చోటు, దిక్కు, నెల

మన దగ్గర అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. ఉత్తరం, తూర్పు దిక్కుల నుంచి జల్లు కొడుతుంది. అందుకని పొట్టి గోడను ఉత్తరానికి, ఎత్తు గోడను దక్షిణానికి పెట్టండి. తలుపు ఎత్తు గోడలో వస్తుంది. దక్షిణ ద్వారం వద్దనుకునేవారు తూర్పు గోడలో పెట్టుకోవచ్చు. అప్పుడు తూర్పు వైపు చూరు కనీసం రెండడుగులు బయటికి రావాలి, ఆ మేరకు పట్టెలు, రేకులు ఎక్కువ కొనాలి.

కిటికీలు తూర్పున ఒకటి, పడమర ఒకటి. ఎండాకాలం మధ్యాహ్నం సముద్రపు గాలి తూర్పు నుంచే వస్తుంది. పడమటి కిటికీ చిన్నది చాలు.

చోటు చూసేటప్పుడు ఊళ్లో పెద్దవాళ్లను ఒక మాట అడగండి: పెద్ద వానల్లో ఇక్కడ నీళ్లు ఎంత ఎత్తు నిలిచాయి? వాళ్లు చూపించిన గుర్తు కన్నా అడుగు పైన గది నేల ఉండాలి. చెరువు కట్ట, కాలవ గట్టు, పోరంబోకు జోలికి పోవద్దు. మీ సొంత నేల అయినా పంచాయతీలో ఒకసారి అడిగి మొదలుపెట్టండి.

పని జనవరి, జూన్ నెలల మధ్య పెట్టుకుంటే రంగులు బాగా ఆరతాయి, కలప కూడా పొడిగా ఉంటుంది. ఎలాగైనా సెప్టెంబరు లోపల ముగించాలి.

## 3. ప్లైవుడ్ కొనడం

ఇక్కడ తొందరపడొద్దు. డబ్బు పోయేది ఇక్కడే.

షాపులో "వాటర్‌ప్రూఫ్" అనే మాట నమ్మి తీసుకోకండి. షీటు మీద ముద్ర చదవండి. ఎంఆర్ (తేమకు మాత్రమే ఆగే రకం) అని ఉంటే అది ఇంట్లో అల్మరాలకు పనికొచ్చేది, వానకు ఆగదు. మనకు కావాల్సింది ఐఎస్ఐ గుర్తుతో ఐఎస్ 710 అని ఉన్న బీడబ్ల్యూపీ (మరిగే నీళ్లకూ ఆగే) రకం. మెరైన్ ప్లై అన్నా ఇదే. దీని జిగురును 72 గంటలు మరిగే నీళ్లలో ఉంచి పరీక్షిస్తారు. గుర్తు దగ్గర సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు ఉంటుంది. ఫోన్లో బీఐఎస్ కేర్ యాప్ (ఐఎస్ఐ గుర్తు ఇచ్చే సంస్థది) పెట్టుకుని అందులో ఆ నంబరు కొడితే లైసెన్సు ఎవరిదో, నడుస్తోందో లేదో తెలుస్తుంది. దొంగ ముద్రలు ఉంటాయి కాబట్టి ఈ పని షాపులో నిలబడే చెయ్యండి.

ముద్ర సరే అనుకున్నాక షీటును చూడండి:

- అంచును దగ్గరగా చూస్తే పొరల మధ్య సందులు కనపడకూడదు. సందులో అగ్గిపుల్ల దూరితే ఆ షీటు వద్దు.
- వేళ్ల కణుపులతో షీటంతా కొట్టుకుంటూ పోండి. ఎక్కడైనా డొల్ల శబ్దం వస్తే లోపల ఖాళీ ఉన్నట్టు.
- షీటును అంచు మీద నిలబెట్టి పక్క నుంచి చూడండి. మెలి తిరిగి ఉంటే గోడకు పనికిరాదు.
- 12 ఎంఎం షీటు బరువు సుమారు 20 నుంచి 25 కిలోలు. చేతికి మరీ తేలిగ్గా వస్తే అనుమానించండి.

అరచేతంత ముక్క అడిగి ఇంటికి తెచ్చుకుని మూడు నాలుగు గంటలు నీళ్లలో మరిగించి, ఆరాక గోటితో పొరలు లాగి చూడండి. నాసి జిగురైతే అప్పుడే విడిపోతుంది. ఇది ప్రయోగశాల పరీక్షకు సమానం కాదు గానీ మోసాన్ని మాత్రం పట్టిస్తుంది.

ధర చదరపు అడుగు లెక్కన చెబుతారు. ఒక షీటు 32 చదరపు అడుగులు. పన్ను కలిపి షీటు ఎంతో అడిగి రాయించుకోండి.

ఖర్చు తగ్గించాలంటే నేలకు పాత సెంట్రింగ్ ప్లైవుడ్ చూడొచ్చు. శ్లాబులకు వాడిన, పైన గోధుమ రంగు పొర ఉన్న షీట్లు అవి. అంచులు నాని విచ్చుకున్నవి వదిలేసి గట్టివి ఏరుకోండి. ఆ పొర మీద రంగు నిలవదు కాబట్టి గోడలకు వాడొద్దు.

## 4. సామాను జాబితా

ప్లైవుడ్:
- 12 ఎంఎం బీడబ్ల్యూపీ షీట్లు 8 (గోడలు, తలుపు, కిటికీ రెక్కలు)
- 18 ఎంఎం షీట్లు 2 (నేల)

కలప (అడితిలో చూసేటప్పుడు పచ్చిది కాకుండా బాగా ఆరినది తీసుకోండి):
- 4×3 అంగుళాల దూలాలు, 8 అడుగులవి 3
- 4×2 అంగుళాలవి, 8 అడుగులవి 9 (నేల చట్రం), 12 అడుగులవి 5 (వాసాలు)
- 2×2 అంగుళాల రీపర్లు, గోడ చట్రాలకు సుమారు 280 అడుగులు, కప్పు పట్టెలకు 10 అడుగులవి 6
- అతుకుల మీద కొట్టడానికి సన్న పట్టీలు, 8 అడుగులవి 8

పునాది:
- సిమెంటు 7 బస్తాలు, నది ఇసుక, ముప్పావంగుళం కంకర
- 6 అంగుళాల పీవీసీ పైపు, అడుగున్నర ముక్కలు 9
- 12 ఎంఎం నున్న రాడ్డు, 5 అడుగులవి 9. పైన 6 అంగుళాలు మర (నట్టు తిరిగే గాళ్లు) కోయించి, అడుగున 6 అంగుళాలు వంపు తిప్పించాలి. గీతలున్న టీఎంటీ రాడ్డుకు మర సరిగా పడదు

మిగతావి:
- రంగు పూసిన ఇనుప రేకులు, 12 అడుగులవి 3 (ఒక్కోటి సుమారు మూడున్నర అడుగులు కప్పుతుంది), రబ్బరు వాషరున్న స్క్రూలు 100
- 40 ఎంఎం స్క్రూలు 700, 50 ఎంఎం స్క్రూలు 150
- 10 ఎంఎం బోల్టులు, పెద్ద వాషర్లు, జీఐ (జింకు పూత ఉన్న ఇనుప) పట్టీ, ఎల్ ఆకారపు క్లాంపులు
- ప్రైమరు 6 లేదా 7 లీటర్లు, బయటి వాడకానికి పనికొచ్చే ఎనామిల్ 10 లీటర్లు, తారు పెయింటు 1 లీటరు, సీలెంటు 6 ట్యూబులు

సరుగుడు బాదులు మన తీరంలో చవగ్గా దొరుకుతాయి. సారువకు (పరంజాకు), తాత్కాలిక పోట్లకు వాడుకోండి. గోడ చట్రాలకు మాత్రం వద్దు. గుండ్రటి కర్ర మీద షీటు సమంగా కూర్చోదు, కర్ర ఆరేకొద్దీ మెలి తిరుగుతుంది.

స్క్రూల దగ్గర పొదుపు చెయ్యొద్దు. పసుపు పూత ఉన్న మామూలు స్క్రూలు ఉప్పుగాలికి తొందరగా తుప్పు పడతాయి. సముద్రానికి దగ్గరైతే స్టెయిన్‌లెస్ స్టీలు, లోపలి మండలాల్లో మందపాటి జింకు పూత ఉన్నవి తీసుకోండి.

## 5. పునాది గుంటలు

ఒక లెక్క చెబుతాను. గాలి ఒత్తిడి లెక్కలకు వాడే ఐఎస్ 875 ప్రమాణంలో నెల్లూరుకు మూల గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ వేగంలో చదరపు మీటరుకు సుమారు 150 కిలోల ఒత్తిడి పడుతుంది. మన కప్పు 11 చదరపు మీటర్లు. అంటే దాన్ని పైకి లాగే బలం ఒకటిన్నర టన్ను దాటుతుంది. గది మొత్తం బరువు ఆరేడు వందల కిలోలే. ఇటుకల మీద ఊరికే పెట్టిన గది ఎందుకు ఎగిరిపోతుందో ఈ లెక్క చూస్తే తెలుస్తుంది.

అడుగు చదరం, మూడడుగుల లోతు ఉన్న గుంటలో పోసిన కాంక్రీటు రెండు వందల కిలోలు తూగుతుంది. అలాంటివి తొమ్మిదైతే 1800 కిలోలు. గదిని నేలకు కట్టిపడేసేది ఆ బరువే.

1. వరసకు మూడు చొప్పున మూడు వరసల్లో గుంటలు గుర్తు పెట్టండి. గుంట నడిమి నుంచి నడిమికి 3 అడుగుల 8 అంగుళాలు. చివరి గుంటల నడిమి, గది అంచుకు 4 అంగుళాలు లోపలికి రావాలి.
2. మూలలు మూడు-నాలుగు-ఐదు అడుగుల లెక్కతో తిప్పి (మూల నుంచి ఒక వైపు మూడు, రెండో వైపు నాలుగు అడుగులు కొలిస్తే ఆ రెండు గుర్తుల మధ్య ఐదు రావాలి), ఐమూలలు (ఎదురెదురు మూలల మధ్య దూరాలు) రెండూ సమానమో కాదో దారంతో చూడండి.
3. గుంట అడుగున మూడంగుళాల కంకర వేసి దిమ్మిస కొట్టండి. ఆ మూడంగుళాలూ అదనంగా తవ్వాలి.
4. సిమెంటు ఒకటి, ఇసుక ఒకటిన్నర, కంకర మూడు పాళ్లలో కలపండి. గుంట నింపుతూ మధ్యలో రాడ్డు నిలబెట్టండి.
5. గుంట నిండగానే రాడ్డు మీదుగా పైపు ముక్క దించి దాన్నీ నింపండి. మర ఉన్న కొస 6 అంగుళాలు పైకి తేలి ఉండాలి. మరకు ముందే గ్రీజు రాసి ప్లాస్టిక్ కవరు చుట్టండి.
6. నీళ్ల ట్యూబుతో తొమ్మిది పైపుల తలలూ ఒకే మట్టానికి తెచ్చి, ఏడు రోజులు తడుపుతూ ఉండండి.

రొయ్యల గుంట నీళ్లు ఉప్పగా ఉంటే కాంక్రీటుకు వాడొద్దు. సముద్రపు ఒడ్డు ఇసుక కూడా వద్దు, పెన్నా ఇసుక లాంటి నది ఇసుకే తెప్పించండి. ఉప్పు లోపలి రాడ్డును తినేస్తుంది.

నల్లరేగడి నేల ఎండకు నెర్రెలిచ్చి, వానకు ఉబ్బుతుంది. అలాంటి చోట గుంట నాలుగడుగులు తవ్వి, అడుగున అడుగు మందం ఇసుక నింపి తడిపి దిమ్మిస చేశాక కాంక్రీటు పోయండి. వట్టి ఇసుక నేలలో గుంట గోడలు కూలిపోతుంటే తవ్వే ముందు నీళ్లు చల్లుకోండి, అడుగు భాగాన్ని అడుగున్నర వెడల్పు చెయ్యండి.

## 6. పునాది ఆరేలోపు రంగు పని

కాంక్రీటు గట్టిపడే వారంలో షీట్లు కోసి రంగు వేసుకోవాలి. చాలామంది గది నిలబెట్టాక బయట వైపు మాత్రం రంగు వేస్తారు. అప్పటికి అంచులు చట్రం కింద, అతుకుల్లో దాక్కుంటాయి. వాటికి రంగు తగలదు. నీళ్లు వెళ్లేది సరిగ్గా అక్కడి నుంచే.

ముందు కోత. వెనక గోడ రెండు షీట్లనూ 6 అడుగుల 8 అంగుళాలకు కోయండి. పక్క గోడలకు ముందు షీటు 8 అడుగుల నుంచి 7 అడుగుల 4 అంగుళాలకు, వెనక షీటు అక్కడి నుంచి 6 అడుగుల 8 అంగుళాలకు వాలుగా దిగాలి. ఎడమ గోడ, కుడి గోడ అద్దంలో ప్రతిబింబాల్లా ఉండాలి. రెండిటినీ ఒకేలా కోసేసి, తర్వాత మంచి ముఖం లోపలికి వచ్చిందని బాధపడేవాళ్లున్నారు. కోసే ముందే మార్కరుతో "ఎడమ ముందు, బయట" అని ప్రతి షీటు మీదా రాసుకోండి.

కోత గీత మీద కాగితపు టేపు అతికించి సన్న పళ్ల రంపంతో కోస్తే పొర లేవదు. తలుపు, కిటికీ ముక్కలు జాగ్రత్తగా కోయండి, అవే రెక్కలవుతాయి.

తర్వాత రంగు:

- అంచులను గరుకు కాగితంతో నున్నగా రుద్దండి. సందులుంటే పుట్టీ పెట్టండి.
- అంచులకు మొదటి పూత పల్చగా వెయ్యండి. అది లోపలికి ఇంకిపోతుంది. ఆరాక రెండోది, మూడోది చిక్కగా.
- గోడ షీట్ల కింది అంచుకు, అక్కడి నుంచి ఆరంగుళాల ఎత్తు దాకా లోపలి వైపు తారు పెయింటు.
- రెండు ముఖాలకూ ప్రైమరు ఒక పూత, ఎనామిల్ రెండు పూతలు. బయటి వైపు తెలుపో, లేత రంగో వేస్తే వేడి తగ్గుతుంది.
- నేల షీట్ల అడుగు వైపు మర్చిపోవద్దు.

ఆ తర్వాత ఎక్కడ కోసినా, చిల్లు పెట్టినా ఆ చోట మళ్లీ రంగు తాకించాలి. చిన్న డబ్బా, బ్రష్షు పక్కనే ఉంచుకోండి.

## 7. నేల చట్రం

పైపు తలల మీద ఒక్కో రేకు ముక్కను, నాలుగు వైపులా రెండేసి అంగుళాలు బయటికి వచ్చి కిందికి వంగేలా పెట్టండి. చెదలు మట్టి గొట్టం కట్టుకుంటూ పైకి వచ్చినా ఈ అంచు దాటాలంటే బయటికి రావాలి. అప్పుడు కంటికి కనపడతాయి, చీపురుతో దులిపేయొచ్చు.

చెదల మందు గురించి ఒక గట్టి హెచ్చరిక. రొయ్యలు, పీతల జాతికి పురుగు మందులు చాలా తక్కువ మోతాదులోనే ప్రాణాంతకం. గుంటల పక్కన కట్టే గదికి నేలలో చెద మందు పొయ్యొద్దు. వానకు కొట్టుకుపోయి గుంటలో కలిస్తే పంటంతా పోతుంది. అలాంటి చోట రేకు ముక్కలు, ఎత్తు, నెలకోసారి చూపు చాలు.

రేకు ముక్కల మీద మూడు దూలాలూ ఎక్కించి, రాడ్డు మీద పెద్ద వాషరు వేసి నట్టు బిగించండి. వాటికి అడ్డంగా 4×2 కర్రలు 16 అంగుళాలకొకటి చొప్పున ఏడు, రెండు చివర్ల మూసే కర్రలు రెండు. ప్రతి కర్రా దూలాన్ని దాటే చోట ఎల్ క్లాంపు వెయ్యండి. మేకు ఒక్కటే కొడితే గాలి లాగినప్పుడు ఊడి వస్తుంది.

చట్రం ఐమూల 11 అడుగుల 3¾ అంగుళాలు రావాలి. రెండు ఐమూలలూ కలిశాకే 18 ఎంఎం షీట్లు పరిచి, వాటి మధ్య 3 ఎంఎం సందు వదిలి, 50 ఎంఎం స్క్రూలు ఆరంగుళాలకొకటి బిగించండి.

## 8. గోడ ప్యానెళ్లు

నేల మీదే పడుకోబెట్టి ఒక్కో ప్యానెలూ పూర్తిగా తయారు చెయ్యండి. 2×2 రీపర్లతో చుట్టూ చట్రం, మధ్యలో ఒక నిలువు, ఒక అడ్డం.

ఇక్కడ ఒక కొలత తప్పితే అన్నీ తప్పుతాయి: షీటు కింది అంచు చట్రం కన్నా 4 అంగుళాలు కిందికి ఉండాలి. చట్రం గది నేల మీద కూర్చుంటుంది. షీటు మాత్రం నేల చట్రం పక్కగా కిందికి దిగుతుంది. గోడ మీద జారిన వాన నీరు అలా కింద పడిపోతుంది. షీటును కూడా నేల మీదే కూర్చోబెడితే నీళ్లు నేరుగా గోడకూ నేలకూ మధ్య దూరతాయి.

పక్క గోడల చట్రాలను మూలల దగ్గర రెండంగుళాలు లోపలికి జరిపి కట్టాలి. ముందు, వెనక గోడల చట్రాలు అక్కడికి వస్తాయి.

స్క్రూలు అంచుల్లో ఆరంగుళాలకొకటి, మధ్య రీపరు మీద అడుగుకొకటి. ముందు సన్న చిల్లు పెట్టి బిగించండి. స్క్రూ తల షీటు మట్టానికి దిగితే చాలు. మరీ లోపలికి దిగితే పై పొర తెగి పట్టు పోతుంది.

గది ఊగకుండా పట్టేది ఈ షీట్లే. అందుకని తలుపున్న గోడలో రెండో షీటును కోయొద్దు. కిటికీ కూడా ఒక గోడకు ఒకటే, అదీ ఒక షీటు మధ్యలో, అన్ని వైపులా కనీసం తొమ్మిదంగుళాలు మిగిలేలా.

## 9. నిలబెట్టే వరస

ముగ్గురు మనుషులుంటే ఒక్క పూటలో అయిపోతుంది. గాలి లేని ఉదయం మొదలుపెట్టండి.

1. వెనక గోడ రెండు ప్యానెళ్లు నిలబెట్టి సరుగుడు బాదులతో పోట్లు పెట్టండి.
2. ఎడమ, కుడి గోడల వెనక ప్యానెళ్లు, తర్వాత ముందువి. మూలల్లో చట్రానికి చట్రం 10 ఎంఎం బోల్టులు మూడేసి.
3. చివర్లో ముందు గోడ.
4. తూకం గుండుతో నాలుగు మూలలూ నిలువు చూశాక, చట్రం అడుగు కర్రను నేల మీదుగా కింది 4×2 కర్రలోకి బోల్టు వెయ్యండి. గోడకు మూడు.
5. కిందికి దిగిన షీటు అంచును నేల చట్రానికి నాలుగంగుళాలకొక స్క్రూ చొప్పున, చట్రం కర్రకే తగిలేలా పైకీ కిందికీ మార్చి మార్చి బిగించండి.
6. షీట్ల మధ్య 3 ఎంఎం సందులో సీలెంటు నింపి, పైన పట్టీ కొట్టండి. మూలల్లో మిగిలే చిన్న సందుకూ ఇదే పద్ధతి.

నిలువు చూడకముందే బోల్టులు బిగించేస్తే తలుపు ఎప్పటికీ సరిగా పడదు.

## 10. కప్పు

వాసాలు ఐదు, రెండడుగులకొకటి, గోడ నిలువు కర్రల మీదికే వచ్చేలా పెట్టండి. ముందు రెండడుగులు, వెనక అడుగున్నర చూరు. వాసం కూర్చునే చోట అరంగుళానికి మించకుండా గాడి తియ్యండి.

ప్రతి వాసం మీదుగా జీఐ పట్టీ వేసి రెండు వైపులా గోడ నిలువు కర్రకు నాలుగేసి స్క్రూలతో పట్టించండి. ముందూ వెనకా కలిపి పది చోట్ల. ఈ పది పట్టీలకు పట్టేది గంట పని. పైన వేసిన లెక్కలోని ఒకటిన్నర టన్నును గోడలకు అందించేవి ఇవే, ఒక్కటి కూడా వదలొద్దు.

వాసాల మీద అడ్డంగా, రేకుల కింద వచ్చే పట్టెలు ఆరు. చివర్ల దగ్గర దగ్గరగా, మధ్యలో ఎడంగా పెట్టండి, గాలి ముందు పట్టుకునేది చూరునే. రేకులకు చివరి పట్టెల మీద ప్రతి గట్టుకూ స్క్రూ, మధ్యలో గట్టు విడిచి గట్టుకు. రేకు మీద రేకు ఎక్కించేటప్పుడు పై రేకు అంచు గాలి వచ్చే దిక్కుకు ఎదురుగా ఉండకూడదు. అంటే తూర్పు వైపు రేకు పైన, పడమటి రేకు కింద.

ముందు, వెనక గోడల మీద వాసాల మధ్య నాలుగంగుళాల ఖాళీ వస్తుంది. దాన్ని మూసెయ్యకండి. సన్న ఇనుప వల కొట్టండి. వేడి గాలి అక్కడి నుంచే బయటికి పోతుంది. ఉత్తరం వైపు ఖాళీకి, వెనక షీట్లు కోసినప్పుడు మిగిలిన ముక్కలతో రెక్కలు చేసి బందులు వేసుకుంటే జల్లు కొట్టినప్పుడు మూసుకోవచ్చు.

రోహిణి కార్తెలో రేకు కింద పగలు ఉండడం కష్టమే. రేకు మీద తెల్ల కూలింగ్ పెయింటు వేస్తే బాగా తేడా తెలుస్తుంది. తాటాకు పరిచి కొబ్బరి తాడుతో కట్టుకోవచ్చు గానీ సెప్టెంబరులో తీసెయ్యాలి. తడిసిన ఆకు కింద రేకు తుప్పు పడుతుంది.

## 11. తలుపు, కిటికీలు, కరెంటు

తలుపు రెండున్నర అడుగుల వెడల్పు, ఆరడుగుల ఎత్తు. కోసిన ముక్క వెనక రీపర్లతో చట్రం, ఐమూలగా ఒక కర్ర. ఐమూల కర్ర కింది కొస బందుల వైపు ఉండాలి. అటు తిరిగితేనే తలుపు వాలకుండా ఉంటుంది. తలుపు బయటికి తెరుచుకోవాలి, చుట్టూ 4 ఎంఎం సందు వదలాలి.

కిటికీ రెక్కకు బందులు పైన వేసి, కింది నుంచి కర్రతో ఎత్తి నిలబెట్టండి. తెరిచి ఉన్నా వాన లోపలికి రాదు. లోపలి వైపు దోమల వల.

మెట్టుకు రాయో, సిమెంటు దిమ్మో పెట్టుకోండి. గోడకు ఆనించొద్దు, రెండంగుళాల ఎడం ఉండాలి. ఆనించిన మెట్టు చెదలకు దారి అవుతుంది.

కరెంటు తీగలు పీవీసీ గొట్టంలోనే వెళ్లాలి. ఏరియేటర్ల (రొయ్యల గుంట నీటికి గాలి పట్టించే యంత్రాల) లైను నుంచి తీసుకున్నా గదికి వేరుగా ఎర్తింగు, ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు) ఉండాలి. తడి చేతులతో స్విచ్చులు ముట్టుకునే చోటు ఇది. గ్యాస్ స్టవ్వు, కట్టెల పొయ్యి గది లోపల వద్దే వద్దు. దోమల చక్రం పెట్టినా ఇనుప పళ్లెంలోనే పెట్టండి. జనరేటరు ఎప్పుడూ బయటే, తలుపుకూ కిటికీకీ దూరంగా.

## 12. తరచూ వచ్చే తప్పులు, సరిచేసే తీరు

అంచు ఉబ్బింది. ఉబ్బిన చోటు ఎండలో రెండు రోజులు ఆరనివ్వండి. వదులైన పొర చెక్కేసి, నీళ్లకు ఆగే చెక్క జిగురు పెట్టి క్లాంపుతో ఒక రాత్రి బిగించి, మూడు పూతలు రంగు వెయ్యండి. ఉబ్బు నాలుగంగుళాలు దాటి పైకి వెళ్తే ఆ భాగం కోసి కొత్త ముక్క వెయ్యడమే మంచిది.

వానాకాలంలో తలుపు పట్టేస్తోంది. వెంటనే రందా పట్టకండి. తలుపు కింది, పై అంచులకు రంగు ఉందో లేదో చూడండి. చాలాసార్లు అక్కడ వేసి ఉండరు. ఆరాక రంగు వేస్తే మళ్లీ పట్టదు.

కప్పు స్క్రూల దగ్గర కారుతోంది. రబ్బరు వాషరు నలిగేలా అతిగా బిగించి ఉంటారు, లేదా వంకరగా దిగి ఉంటుంది. ఆ స్క్రూ తీసి కొంచెం లావుది, కొత్త వాషరుతో వెయ్యండి. పైన సీలెంటు పూస్తే ఒక ఎండాకాలం దాకే ఆగుతుంది.

నడిస్తే నేల ఊగుతోంది. కింది కర్రల ఎడం ఎక్కువైంది. కింది నుంచి రెండు కర్రల మధ్య అడ్డ ముక్కలు బిగించండి.

గాలికి గది కిర్రుమంటోంది. ముందు నట్లు చూడండి. మొదటి ఏడాది కలప ఆరి సన్నబడుతుంది, బోల్టులన్నీ వదులవుతాయి. ఒక తిప్పు బిగిస్తే సరిపోతుంది.

## 13. తుఫాను కబురు వస్తే

ఈ గది గట్టిదే గానీ తుఫానులో మనిషి తలదాచుకునే చోటు కాదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు తీరం పొడుగునా ఎంత గాలి, ఎంత వాన వచ్చాయో ఇక్కడివారందరికీ తెలుసు. కృష్ణపట్నం రేవులో ప్రమాద సూచిక ఎగరేశారని తెలియగానే చెయ్యాల్సినవి:

- కాపలా మనిషిని ఊళ్లోకి, అవసరమైతే తుఫాను రక్షణ కేంద్రానికి పంపించండి. సామాను కోసం ఎవరినీ ఆపొద్దు.
- కరెంటు మెయిన్ ఆపండి.
- కిటికీ రెక్కలు, ఉత్తరం వైపు గాలి రెక్కలు లోపలి నుంచి గడియ వేసి, తలుపుకు బయట అడ్డ కర్ర బిగించండి. గాలి లోపలికి దూరితే కప్పును లోపలి నుంచి కూడా తోస్తుంది.
- కప్పు మీద ఉన్న తాటాకు, చుట్టుపక్కల విడి రేకులు తీసేయండి.

గాలి తగ్గాక లోపలికి వెళ్లే ముందు బయటి నుంచి జీఐ పట్టీలు, రాడ్ల నట్లు చూడండి. తర్వాత తలుపు, కిటికీలు తెరిచి రెండు రోజులు ఆరనివ్వండి.

## 14. ఏటా సెప్టెంబరులో

- నట్లన్నీ ఒకసారి బిగించాలి
- గోడల కింది అంచు చేత్తో తడిమి మెత్తబడిన చోటు ఉందేమో చూడాలి
- రేకు ముక్కల మీద చెదల మట్టి గొట్టాలు దులపాలి
- పట్టీల పక్కన సీలెంటు విడిచిన చోట కొత్తది పెట్టాలి
- ఉత్తరం, తూర్పు గోడలకు రెండేళ్లకొకసారి ఒక పూత, మిగతా రెండిటికీ నాలుగేళ్లకొకసారి
- గది కింద కట్టెలు, ఖాళీ బస్తాలు పోగుపడకుండా గాలి ఆడనివ్వాలి

ఒక ప్యానెల్ పాడైతే గది విప్పాల్సిన పని లేదు. ఆ ప్యానెల్ రెండు పక్కల పట్టీలు తీసి, సీలెంటు కోసి, షీటు స్క్రూలు విప్పితే చట్రం అలాగే నిలబడి ఉంటుంది. పాత షీటును కొత్తదాని మీద పెట్టి గీసి కోసుకుని, అంచులకు మూడు పూతలూ వేసి ఆరాకే బిగించండి.